మేళం మూట తగ్గించినాము

మన పత్రికలో పి.ఎఫ్. సంగతులు వస్తాయి, బిడ్డల చదువు గురించి వస్తాది, చక్కెర జబ్బుకు ఏం తినాలో వస్తాది. పాటల మేళం గురించి ఎవరూ రాసినట్టు నాకు గుర్తు లేదు. హోసూరు బస్టాండులో పాత మిల్లువాళ్ళు ఎవరు కనపడినా నన్ను అడిగేది మాత్రం ఒకటే మాట: "ఏమన్నా, ఆర్కెస్ట్రా ఇంకా ఉండాదా, మూసేసినారా?" ఉండాది. ముందర పెద్ద టెంపో నిండా సామాను వేసుకొని పోతా ఉంటిమి. ఇప్పుడు కుట్టి యానై వండిలో సగం తావు ఖాళీగా మిగులుతాది. ఏమేమి తీసేసినాము, ఎందుకు తీసేసినాము, ఏది తీయడానికి నేను ఒప్పుకోలేదు అనేది రాస్తాను. మీ ఇండ్లలో కూడా కీబోర్డు వాయించే పిల్లోళ్ళు ఉంటారు కాబట్టి పనికొస్తాదని అనుకుంటా ఉండాను.

నేను చదివింది అయిదో తరగతి, తెలుగు బడిలో. సంగీతం నేర్చుకొనింది భజన మందిరంలో. శనివారం శనివారం భజన, ఒక పాత హార్మోనియం, దాని బెల్లోసుకు చిల్లి పడితే సైకిలు ట్యూబు ముక్క అంటించి వాయిస్తా ఉంటిమి. మిల్లులో చేరినాక నైట్ షిఫ్ట్ అయిపోతే పొద్దున నిద్ర, సాయంకాలం ప్రాక్టీసు. మిల్లు స్నేహితులే అయిదారు మంది కలిసి మేళం పెట్టినాము. మొదట్లో హార్మోనియం, డోలక్, బాంగో, ఒక గిటారు, ఇద్దరు పాడేవాళ్ళు. సామానంతా రెండు సైకిళ్ళ మీద పోయేది. మత్తిగిరి, బాగలూరు, కెలమంగలం, ఎక్కడ మారెమ్మ జాతర ఉన్నా సైకిళ్ళ మీదనే.

సామాను పెరిగింది ఎట్లంటే, సినిమా పాటల వల్ల పెరిగింది. 1983లో యమహావాళ్ళ డీఎక్స్ 7 అనే కీబోర్డు వచ్చింది. ఆ పొద్దుటి సినిమా పాటల్లో మీకు వినపడే గంట మాదిరి పియానో శబ్దం, గాజు గ్లాసును చెంచాతో కొట్టినట్టు ఉంటాది చూడండి, అది చానావరకు దానిదే. 1986లో ‘పున్నగై మన్నన్’ పాటలకు ఇళయరాజా కంప్యూటరు వాడినారని ఊరంతా చెప్పుకొనింది. 1992లో ‘రోజా’ వచ్చినాక మా తట్టు మేళాలకు నిద్ర లేకుండా పోయింది. అంతవరకు పాట రాగం సరిగ్గా ఉంటే జనం చప్పట్లు కొడతా ఉండిరి. ‘రోజా’ తర్వాత, "ఆ శబ్దం రాలేదే" అని ముందర కూర్చున్న పిల్లోళ్ళే అనేవాళ్ళు. క్యాసెట్టులో ఎట్ల ఉండాదో స్టేజి మీద అట్లనే ఉండాలి. ఒక పాటకు ఒక శబ్దం, ఆ శబ్దానికి ఒక పెట్టె. అట్ల చేరినాయి మా దగ్గర పెట్టెలు.

చివరకు మా స్టేజి ఎట్ల ఉండేదంటే, ఇనుప స్టాండు మీద కింద డీఎక్స్ 7. అదొక్కటే పధ్నాలుగు కిలోలు. సెకండ్ హ్యాండుది బెంగళూరులో కొన్నాము. దాని పైన రోలాండ్ ఎక్స్‌పీ 80, డెబ్బై ఆరు మెట్లది, ఫ్లాపీ పెట్టే నోరు ఉండేది. పక్కన ఇంకో స్టాండు మీద తబలా, డోలక్ తాళాలు దాంట్లోనే ఉండే యమహా ఒకటి, దాని పైన చిన్న కేసియో ఒకటి. ఇది కాక ఆక్టోప్యాడ్, అంటే ఎనిమిది పలకలు ఉండి పుల్లలతో కొడితే ఒక్కో పలక ఒక్కో వాద్యం పలికేది. ఒక రిథం పెట్టె. ఒక ఎకో పెట్టె. పదహారు చానళ్ళ మిక్సరు. పాడేవాళ్ళ మైకులు వేరే.

ఒకరోజు నేను కూర్చొని తీగలు లెక్క పెట్టినాను. శబ్దం తీగలు డీఎక్స్‌కు ఒకటి, తక్కిన మూడు కీబోర్డులకు రెండేసి, ఆక్టోప్యాడ్‌కు రెండు, రిథం పెట్టెకు ఒకటి, ఎకోకు పోయేది వచ్చేది రెండు. అంతా పన్నెండు. కరెంటు తీగలు ఎనిమిది. ఒక కీబోర్డు మెట్టు నొక్కితే ఇంకొక దాంట్లో కూడా పలికేదానికి పెట్టే మిడి తీగలు రెండు. కాలితో తొక్కే పెడల్‌లు మూడు. మొత్తం ఇరవై అయిదు. స్పిన్నింగులో పని చేసినవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు, ఎన్ని దారాలు నడుస్తా ఉంటే అన్ని తెగేదానికి అవకాశం. రింగు ఫ్రేములో దారం తెగితే చూసి అతికించొచ్చు. స్టేజి మీద వెయ్యి మంది చూస్తా ఉంటే, ఇరవై అయిదింటిలో ఏది తెగిందో వెతకాలంటే ఆ బాధ వేరే.

ముందు కాలంలో దానికి టైము ఉండేది. జాతర అంటే రాత్రంతా పాట. తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లారి నాలుగు దాకా వాయించినాము డెంకణికోట తట్టు పల్లెల్లో. మొదటి గంట కొంచెం గందరగోళం ఉన్నా ఎవరూ అడగరు. ఇప్పుడు అట్ల కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మైకు పెట్టకూడదు. పండుగలకు ఏడాదిలో కొన్ని దినాలు పన్నెండు వరకు వదిలేదానికి ప్రభుత్వానికి అధికారం ఉండాది గానీ మన వీధి జాతరకు అది దొరకదు. ఏడుకు మొదలు, పదికి ముగింపు. ఉండేది మూడు గంటలు. పెండ్లి రిసెప్షన్ అయితే ఇంకా తక్కువ, మండపంవాళ్ళు సాయంకాలం అయిదు దాకా లోపలికి వదలరు. మా సామాను పరిచి, తీగలు కలిపి, శబ్దం చూసుకునేదానికి గంటన్నర పట్టేది. విప్పి మూట కట్టేదానికి ముప్పావు గంట. మూడు గంటల పాటకు రెండుంబావు గంటల కూలి పని. అందరమూ అరవై దగ్గరున్నోళ్ళమే.

బాగలూరు పక్కన ఒక పెండ్లిలో జరిగింది చెప్తాను. కరెంటు పోయింది, జనరేటరు వేసినారు. జనరేటరు మీద వంటింటి గ్రైండరు కూడా పెట్టినారు. అది తిరిగినప్పుడంతా వోల్టేజీ పడిపోయేది. నాలుగు కీబోర్డుల్లో రెండు ఆరి మళ్ళీ వెలుగుతా ఉండాయి. వెలిగినప్పుడు అది ఏ స్వరం మీద లేస్తాదో దాని ఇష్టం. పల్లవిలో వేణువు పలికిన తావున చరణంలో ట్రంపెట్ పలికింది. పెండ్లికొడుకు అమ్మానాన్న నవ్వుకున్నారు, మంచోళ్ళు. మా పాడే చెల్లెమ్మ మాత్రం స్టేజి దిగినాక, "అన్నా, నేను గొంతు పెట్టుకొని పాడాలా, మీ లైట్లు చూసుకొని పాడాలా?" అనింది. ఆ మాట నాకు మంచిగా తగిలింది.

ఇంకొక కారణం నా చెవి. మిల్లులో నేను మొదటి పన్నెండేండ్లు మగ్గాల షెడ్డులో ఉంటిని. షటిల్ మగ్గాలు. ఫ్యాక్టరీ రూల్సులో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్ హద్దు అని ఉండాది. షటిల్ మగ్గాల షెడ్డులో ఆ హద్దు ఎప్పుడు దాటుతాదో అక్కడ పని చేసినోళ్ళకు మీటరు అవసరం లేదు, పక్కన మనిషి నోరు చూసి మాట అర్థం చేసుకుంటా ఉంటిమి. ఆ చప్పుడు మొదట తినేది చెవిలో పై స్థాయి శబ్దాలను. అంటే తాళాల గలగల, వేణువు పైన ఊపిరి, మాటల్లో స, శ, ష. నాకు ఆ పై శబ్దాలు ఇప్పుడు సరిగ్గా వినపడవు. నాలుగు కీబోర్డులు, ఎకో, అన్నీ కలిసి మోగినప్పుడు నాకు అంతా ఒక మగ్గం షెడ్డు మాదిరే వినపడేది. ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది తెలియదు. ఒక్క వాద్యం, ఒక డోలక్, ఒక గొంతు అయితే ఇప్పటికీ నాకు అణువణువూ తెలుస్తాది. కాబట్టి సామాను తగ్గించాలనేది నాకు మోజు కాదు, తగ్గించకపోతే నేను స్టేజి దిగాల్సిందే.

ఇది మాట్లాడుకునేదానికి మా ఇంటి మిద్దె మీద ఒక ఆదివారం అందరమూ కూర్చున్నాము. మా మేనల్లుడు కూడా వచ్చినాడు. వాడు సిప్‌కాట్‌లో ఒక కంపెనీలో పని, మంచి చెయ్యి, మేళంలో రెండో కీబోర్డు వాడిదే. వాడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టీ గ్లాసు పక్కన పెట్టినాడు.

"మామా, తగ్గించేదంటే ఇట్ల తగ్గించాల. పాట లేని మ్యూజిక్కు అంతా దీంట్లో ఉండాది. డోలక్, బేసు, వయొలిన్ అంతా. పాడేవాళ్ళు ఇద్దరు, నువ్వొకడు, నేనొకడు. ఆటోలో పోయి వచ్చేయొచ్చు."

వాడు చెప్పింది లెక్క ప్రకారం సరే. ఇప్పుడు మన తట్టు సగం కచేరీలు అట్లనే జరుగుతా ఉండాయి. దుడ్డు నలుగురికే పంచితే ఒక్కొక్కరికి రెట్టింపు వస్తాది. ఎవరూ మాట్లాడలేదు. డోలక్ అన్న అక్కడే కూర్చొని ఉండాడు, కప్పులో బిస్కత్తు ముంచుకుంటా ఉండాడు, తల ఎత్తలేదు.

ఇక్కడ మీకు వైండింగు సెక్షన్ సంగతి గుర్తు చేయాల. మన అక్కలు, వదినలు ఎంతమంది ఆ సెక్షన్లో నిలబడి పని చేసినారు. కోను నుంచి దారం తెగితే వేళ్ళతో ముడి వేసేది, ఎంత వేగం అంటే చూసేవానికి చెయ్యి కనపడదు. తర్వాత చేతిలో పెట్టుకునే నాటర్ వచ్చింది, చిన్న యంత్రం, ముడి అదే వేస్తాది. సరే, అది మనిషికి సాయం. దాని తర్వాత ఆటోకోనరు వచ్చింది. దారం తెగితే అదే కనుక్కుంటాది, రెండు కొనలనూ గాలితో మెలిపెట్టి అదే అతికిస్తాది, ముడి కూడా ఉండదు. నూలు బాగుండాది, అది నేను కాదనను. కానీ ఆ పొడుగు మెషిన్ల వరసలో నిలబడే ఆడవాళ్ళు ఎంతమంది మిగిలినారో మీకే తెలుసు. నాటరు, ఆటోకోనరు రెండూ పని తగ్గించేదానికి వచ్చినవే. ఒకటి చేతికి పని సులువు చేసింది, ఇంకొకటి చెయ్యే అక్కరలేదు అనింది.

డోలక్ అన్న పాత మిల్లు మనిషి. ఆయన యూనిట్ మూసేసినాక సెటిల్మెంట్ దుడ్డు కూతురి పెండ్లికి అయిపోయింది. మేళం దుడ్డు ఆయనకు ఊరికే వచ్చే పైదుడ్డు కాదు, మందుల దుడ్డు. నేను మేనల్లునితో ఇంతే చెప్పినాను: "పెట్టెలు ఎన్ని కావాలన్నా తీయి రా. మనుషుల్ని లెక్కలో పెట్టవద్దు." వాడు, "అది సెంటిమెంటు మామా" అన్నాడు. వాడు అట్ల అనేది న్యాయమే, వాడికి ఇంటి లోను కట్టాల్సి ఉండాది.

సెంటిమెంటు మాత్రమే కాదని చూపించేదానికి నేనొక పని చేసినాను. వాడినే రిథం పెట్టె పెట్టమన్నాను, చెల్లెమ్మను మారెమ్మ పాట పాడమన్నాను. జాతరలో ఆ పాట ఎట్ల పోతాదో మీరు చూసినారు. ఎవరికో ఒకరికి అమ్మవారు వస్తాది, పాట అక్కడే తిరగాల, వేగం కొంచెం కొంచెం ఎక్కాల, ఆమె కిందికి వాలినప్పుడు తగ్గాల. పెట్టె ఒకే వేగంలో కొట్టుకుంటా పోయింది. చెల్లెమ్మ ఒక చోట ఊపిరి కోసం ఆగితే అది ఆగదు, ముందుకు పోయి కూర్చుంటాది. మళ్ళీ డోలక్ అన్నను కొట్టమన్నాను. ఆయన చెల్లెమ్మ మెడ నరం చూసి కొడతాడు, అంతే. మేనల్లుడు ఏమీ అనలేదు గానీ పెన్‌డ్రైవ్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంక పని. ఏ కీబోర్డు ఉంచేది అని మొదలుపెడితే జగడమే, ఒక్కొక్కరికి ఒక్కొక్క దాని మీద ప్రేమ. నేను పాటల నోటుబుక్కు తీసినాను. మేము మళ్ళీ మళ్ళీ వాయించే పాటలు అరవై దాకా ఉండాయి. ఒక్కొక్క పాట ఎదురుగా దాంట్లో తప్పకుండా ఉండాల్సిన శబ్దం ఏది అని రాసినాము. పాటకు ఒకటి, మహా అంటే రెండు. ఉంటే బాగుండు అనేది రాయకూడదని పందెం. రాసి ముగించినాక చూస్తే అరవై పాటలకు కావాల్సిన శబ్దాలు పన్నెండు దాటలేదు. వేణువు, వయొలిన్ గుంపు, సితార్, వీణ, నాదస్వరం, షెహనాయి, హార్మోనియం, పియానో, గంట పియానో, ట్రంపెట్ గుంపు, బేసు, ఇంకొకటి సన్నగా ఈల వేసినట్టుండే సింథ్ శబ్దం. ఈ పన్నెండు కోసమా నాలుగు స్టాండ్లు మోసింది అని గిటారు తమ్ముడు తలకొట్టుకున్నాడు.

ఈ పన్నెండూ ఒకే పెట్టెలో ఉండే కీబోర్డులు ఇప్పుడు వచ్చేసినాయి. రోలాండ్‌వాళ్ళు ఇండియా కోసమనే మన వాద్యాల స్వరాలు వేసి ఎక్స్‌పీఎస్ 10 అని ఒకటి తీసినారు. అరవై ఒక్క మెట్లు, ఒక చేత్తో ఎత్తొచ్చు. రోలాండ్ ఎక్స్‌పీ 80, యమహా, కేసియో మూడూ అమ్మి అది తీసుకున్నాము. కొత్తది కొనేదానికి అమ్మిన దుడ్డు చాలలేదు, కొంచెం మిల్లు సొసైటీ లోను వేసినాము.

ఒకటే కీబోర్డుతో ఇద్దరి పని ఎట్ల జరుగుతాది అని అడుగుతారు. మెట్లను రెండు భాగాలుగా విడదీయొచ్చు. ఎడమ చేతికి బేసో వయొలిన్లో, కుడి చేతికి వేణువు. అరవై ఒక్క మెట్లలో ఎడమకు రెండు స్థాయిలు వదిలినా కుడికి మూడు మిగులుతాయి, సినిమా పాటకు అంతకు మించి అవసరం రాదు. ఆ ఏర్పాటును పాటకొక నంబరు వేసి జ్ఞాపకంలో దాచిపెట్టొచ్చు. నోటుబుక్కులో పాట నంబరు, పెట్టెలో నంబరు ఒకటే. నాకు ఇంగ్లీషు అక్షరాలు నిదానంగా చదవాల, స్టేజి మీద ఆ టైము ఉండదు. మా కోడలు ఆస్పత్రి ప్లాస్టరు ముక్కలు కత్తిరించి తెలుగులో రాసి బటన్ల పక్కన అంటించింది. ‘వేణువు’, ‘నాదస్వరం’, ‘ఆపు’ అని. ‘ఆపు’ మాత్రం ఎర్ర పెన్నుతో.

శ్రుతి సంగతి కూడా. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర కట్టై, ఆడవాళ్ళు అయిదు, అయిదున్నర. ముందర పాడేవాళ్ళు మారినప్పుడంతా నాలుగు కీబోర్డుల్లో శ్రుతి మార్చాల, ఒకటి మరిచిపోతే పాట మొదట్లోనే అపశ్రుతి. ఇప్పుడు మార్చేది ఒక తావులోనే.

తీగలు కూడా చెప్పేస్తాను. కీబోర్డుకు రెండు శబ్దం రంధ్రాలు ఉంటాయి, ఎడమ కుడి అని. జాతర మైదానంలో రెండు పక్కల స్పీకర్లకు రెండు వేరే శబ్దాలు పంపి ఏం లాభం? ఎడమ పక్క కూర్చున్న అవ్వకు సగం పాట, కుడి పక్క తాతకు సగం పాట. చానా కీబోర్డుల్లో ఎడమ రంధ్రం పక్కన మోనో అని రాసి ఉంటాది. దాంట్లో ఒక్క తీగ పెడితే రెండు పక్కలదీ కలిసి వస్తాది. కీబోర్డుకు ఒకటి, ఆక్టోప్యాడ్‌కు ఒకటి, కరెంటుకు మూడు, పెడల్ ఒకటి. ఆరు. పదహారు చానళ్ళ మిక్సరు పోయి ఎనిమిది చానళ్ళది వచ్చింది. ఎకో దాంట్లోనే ఉండాది.

ఇంకొక చిన్న సంగతి, ఇది ఎవరూ చెప్పరు. స్పీకర్లో ‘గూం’ అని ఒకటే రొద వస్తా ఉంటే, సగం సామాను ఒక ప్లగ్గులో, సగం స్టేజి ఆ పక్క ఇంకొక ప్లగ్గులో పెట్టి ఉంటారు చూడండి. వాద్యాలు, మిక్సరు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చానావరకు ఆగిపోతాది. ఎర్తు పిన్ను మాత్రం విరగ్గొట్టవద్దు. రొద పోతాదని కొందరు విరిచేస్తారు, మైకు పట్టుకున్నవానికి షాకు కొడితే అప్పుడు తెలుస్తాది. మేము బోర్డు ముందర కంప్యూటరుకు వాడే చిన్న యు.పి.ఎస్. ఒకటి పెట్టినాము. గ్రైండరు తిరిగినా ఇప్పుడు వేణువు వేణువే. వెలిగించేటప్పుడు స్పీకర్ల ఆంప్లిఫయరు అన్నిటికంటే చివర, ఆర్పేటప్పుడు అదే మొదట. లేకపోతే ఢాం అని కొట్టి స్పీకరు నరాలు తెంచుతాది.

పోగొట్టుకున్నది లేదా అంటే ఉండాది. డీఎక్స్ 7 గంట పియానో కొత్త దాంట్లో ఉండాది గానీ, పాతదాన్ని మెత్తగా నొక్కితే ఒక రకం, గట్టిగా నొక్కితే ఇంకొక రకం పలికేది, ఆ తేడా కొత్త దాంట్లో అంత లేదు. అది వినేది స్టేజి మీద నేను, కింద ఎవరో ఒకరో ఇద్దరో. రెండు పాటలు నోటుబుక్కులో కొట్టేసినాము, అవి ఒకే చేతికి లొంగవు. మేనల్లుడు రెండో కీబోర్డు వదిలి ఆక్టోప్యాడ్‌కు పోయినాడు. వాడు ఒక నెల మొహం ముడుచుకొని కొట్టినాడు. ఇప్పుడు డోలక్ అన్న, వాడు ఎదురెదురుగా కూర్చొని చేసే జుగల్బందీకి విజిల్స్ పడతా ఉండాయి. వాడి చెయ్యి అంత బాగుండాదని నాకు కూడా తెలియదు.

కొంచెం వాద్యాలతో ఎంత పని జరుగుతాదో చూడమని వాడే నాకు ఫోనులో ఒకటి వినిపించినాడు. చరణ్‌జిత్ సింగ్ అని బొంబాయి సినిమా వాద్యగాడు, పెండ్లిళ్ళలో కూడా వాయించినాయన. 1982లో ఒక రికార్డు చేసినాడు. మూడే పెట్టెలు, మూడూ రోలాండ్‌వే. ఒకటి తాళానికి టీఆర్ 808, ఒకటి బేసుకు టీబీ 303, ఒకటి మీద రాగం, జూపిటర్ 8. పది రాగాలు, భైరవి, లలిత్, అట్ల. డిస్కో తాళం మీద. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2010లో దాన్ని మళ్ళీ వేసినాక విదేశాల్లో పిల్లోళ్ళు విని, ఇప్పుడు మేము చేసే సంగీతం ఈ పెద్దాయన ముప్పై ఏండ్ల ముందరే చేసేసినాడే అని ఆశ్చర్యపోయి, ముసలితనంలో ఆయన్ను యూరప్‌కు పిలిపించుకున్నారంట. 2015లో పోయినాడు. నాకు ఆ రికార్డులో తాళం కొంచెం విసుగే, అదే చెప్పినాను వానికి. కానీ ఆ మూడు పెట్టెల మధ్య రాగం ఎక్కడా చిక్కుకోలేదు. అది మాత్రం నిజం.

ఆ పెట్టెలు చేసిన రోలాండ్ కంపెనీని పెట్టిన జపాన్ మనిషి కాకెహాషి అనేవాడు చిన్నప్పుడు గడియారాలు రిపేరు చేస్తా ఉండెనంట. వేరే వేరే కంపెనీల వాద్యాలు ఒకే తీగతో మాట్లాడుకునే మిడి పద్ధతి 1983లో వచ్చింది కదా, దానికి ఆయనకూ అమెరికా డేవ్ స్మిత్‌కూ కలిపి 2013లో గ్రామీ ఇచ్చినారు. అంత దూరం ఎందుకు, మనకు నలభై కిలోమీటర్ల బెంగళూరులోనే హెచ్.ఏ.ఎల్.లో పని చేసిన రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు, ఆయన వేణువు కూడా వాయిస్తారు, కరెంటు తంబూరా చేసినారు, ర్యాడెల్ అనే పేరుతో. చేతిలో పట్టే పెట్టె. మా భజన మందిరంలో హార్మోనియం పోయినాక శ్రుతికి అదే పెట్టుకున్నాము. దానికి తిప్పే చెవులు కొన్నే, పాడైతే తెలిసేదానికి ఒకటే లైటు. నాకు నచ్చే మెషినంటే అట్ల ఉండాల.

ఇప్పుడు లెక్క. సామాను పరిచేదానికి ఇరవై నిమిషాలు. టెంపో బాడిగలో సగం కంటే ఎక్కువ మిగిలింది. ఇద్దరు హెల్పర్లను పెట్టుకుంటా ఉంటిమి, వాళ్ళలో ఒక పిల్లవాడికి మిక్సరు చూసేది నేర్పించినాము, ఇంకొకడు డ్రైవింగుకు పోయినాడు. వాద్యగాళ్ళం ఒక్కరూ తగ్గలేదు. వాటా పెన్‌డ్రైవ్ మేళాలవాళ్ళకు వచ్చేంత రాదు. దానికి మాలో ఇద్దరికి ఇంకా అసంతృప్తి ఉండాది, అది వాళ్ళు నా మొహం మీదే చెప్తారు. పోయిన మామిడి కాలంలో కృష్ణగిరిలో ఒక పెండ్లికి మేము అడిగిన దాంట్లో సగానికే ఇద్దరు వచ్చి పెన్‌డ్రైవ్‌తో వాయించి పోయినారు. ఆ బుకింగు మాకు పోయింది. ఇంకా పోతాయి.

డీఎక్స్ 7ను అమ్మలేదు. దాని లోపల జ్ఞాపకం నిలిపే చిన్న బ్యాటరీ అయిపోయి ఉండె, ఎస్.పి. రోడ్డు నుంచి తెచ్చి వేయించినాను. అది ఇంట్లో మంచం కింద ఉండాది. ఆదివారం మధ్యాహ్నం మనవరాలు తీసి పెట్టమంటాది, ఆమెకు మెట్లు గట్టిగా నొక్కేదే ఇష్టం.

వచ్చే చంద్రచూడేశ్వరస్వామి తేరుకు కొండ కింద ఒక వీధివాళ్ళు మమ్మల్ని మాట్లాడుకున్నారు. ఏడు నుంచి పది. డోలక్ అన్నకు మోకాలు బాగలేదు, స్టేజికి మెట్లు తక్కువ ఉండేటట్టు చూడమని చెప్పినాము. మేనల్లుడు వస్తాడు. పెన్‌డ్రైవ్ ఇంకా వాడి తాళాల గుత్తిలోనే ఉండాది, నేను చూస్తానే ఉండాను.